వంతెన కాపలాదారు గురించి ఒక వాక్యం

తైపేకి దక్షిణాన ఉన్న జూడుంగ్ బజారులో బడిపిల్లల చొక్కాల మీద పేర్లు కుట్టే కొట్లు ఒకప్పుడు నాలుగుండేవి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది, గూ సూచున్‌ది. ఆగస్టు వచ్చిందంటే ఆ కొట్టు ముందు తల్లుల వరస చేపలబజారు మలుపుదాకా సాగుతుంది. సెప్టెంబరు రెండోవారం దాటితే ఇక ఈగలు తోలుకోవడమే. ఆ తీరిక వేళల్లో ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, అంతర్జాలంలో అందరూ కలిసి రాసే విజ్ఞానసర్వస్వంలో వ్యాసాలు దిద్దుతుంది. పదహారేళ్ళుగా అదే పని. జీతం లేదు, బిరుదు లేదు. "గవర్నమెంటు కొలువైనా పదవీ విరమణ ఉంటుంది, దీనికి అదీ లేదు" అని కంకరలారీ తోలే ఆమె భర్త ఎగతాళి చేస్తుంటాడు.

అక్కడ ఆమె పేరు తెల్లదారం. ఎవరూ ఆమె మొహం చూడలేదు గానీ తెల్లదారం అక్క అంటే తెలియని వాడుకరి లేడు. మర్యాద అంటే ఆమెదే. వ్యాసాల మీద పోట్లాటలు మామూలే అక్కడ. ఒకడు రాసింది ఇంకొకడు తీసేస్తాడు, వీడు మళ్ళీ పెడతాడు, వాడు మళ్ళీ తీసేస్తాడు, ఇద్దరూ చర్చాపేజీలో కత్తులు నూరుతారు. సూచున్ మధ్యలోకి వెళ్ళి "ఎదుటివాళ్ళు మంచి ఉద్దేశంతోనే రాశారని మొదట అనుకుందాం" అని చల్లగా చెప్పేది. కొత్తగా వచ్చి తెలిసీ తెలియక రాసేవాళ్ళకు పెట్టడానికి ఒక సందేశం కూడా తయారుచేసింది. "మీ ఆసక్తికి ధన్యవాదాలు. మూలం చూపకుండా సమాచారం చేర్చవద్దని మనవి." చివర ఒక టీకప్పు బొమ్మ. ఆ సందేశం ఎంత బాగుందంటే మిగతావాళ్ళంతా దాన్నే వాడుకోవడం మొదలుపెట్టారు.

ఆ ఏడు సెప్టెంబరు చివర్లో ఒక బుధవారం మధ్యాహ్నం, వాన వెలిసిన కాసేపటికి ఒకావిడ కొట్లోకి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. గొడుగు మడిచి గుమ్మం బయట పెట్టి, సంచీలోంచి రెండు తెల్లచొక్కాలు తీసి బల్ల మీద పరిచింది.

"ఇంటిపేరు విప్పేసి ఇంకోటి కుట్టాలి చెల్లీ. బట్ట చిరక్కుండా అవుతుందా?"

"అవుతుందక్కా. ఏం కుట్టాలి?"

"ఫాన్ తీసేసి ల్యూ పెట్టు. పేరు అలాగే ఉండనీ. యూచెన్."

ఏడో తరగతి అమ్మాయి చొక్కాలు. కుట్టి నెలన్నర కూడా కాలేదు, కుట్టింది సూచునే. ఇంటిపేరు మారుతోందంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందని లెక్క. అలాంటివి అడక్కూడదన్నది ఆ పనిలో మర్యాద. ఆమె సన్నకత్తి తీసుకుంది.

"నువ్వనుకునేది కాదు. మా కొడుకూ కోడలూ బాగానే ఉన్నారు" అంది ఆవిడ.

"నేనేమీ అనుకోలేదక్కా."

"అనుకున్నావులే. మొహమ్మీదే కనిపిస్తోంది." ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "నా మనవరాలది. వాళ్ళమ్మ ఇంటిపేరుకి మార్పించాం, పోయిన వారమే కాగితాలు వచ్చాయి. నా పేరు ఫాన్ యిన్‌మేయ్. మా నాన్నకి మగపిల్లలు లేరు. ఫాన్ అన్న పేరు నిలబడాలని మా అమ్మ నాకు ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చింది. నా కొడుకు ఫాన్, వాడి కూతురు ఫాన్. ఇంత కష్టపడి నిలబెట్టిన పేరు నా చేత్తోనే విప్పించుకుంటున్నాను చూడు."

సూచున్ కత్తి ఆపింది. "ఎందుకక్కా మరి?"

"బళ్ళో ఊరి చరిత్ర అని పాఠం పెట్టారు. షాంగ్‌కెంగ్ ఉయ్యాల వంతెన తెగిపడింది చూడు, డెబ్బయ్యొకటిలో, పెళ్ళివారు పోతుంటే. అక్కడ ఇప్పుడు కొత్తగా ఒక బోర్డు పాతారు. పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్ళి చదివించారు. దాని మీద మా నాన్న పేరుంది. కాపలా వదిలేసి పెళ్ళివారి సారా తాగడానికి పోయాడనీ, అందుకే జనం ఎక్కువెక్కి వంతెన తెగిందనీ. పిల్లలు ఊరుకుంటారా. 'మీ ముత్తాత తాగుబోతు, పదకొండు మందిని మింగాడు' అని వెంటపడ్డారు. ఇది రెండు వారాలు బడికి వెళ్ళనంది."

ఆ మాట వినగానే సూచున్ మనసులో మొదట కలిగింది జాలి కాదు. ఆ సంగతి ఆమె తర్వాత చాలా రోజులు ఎవరికీ చెప్పుకోలేకపోయింది. మొదట కలిగింది గర్వం. షాంగ్‌కెంగ్ వంతెన వ్యాసం రాసింది తనే. తైపే గ్రంథాలయంలో పాతపేపర్లు తిరగేసి, రాసిన తొలి వ్యాసం. తన వాక్యం బోర్డు దాకా వెళ్ళిందా అనిపించింది ఒక్క క్షణం. ఆ తర్వాత ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసి తల దించుకుంది.

"మా నాన్న జన్మలో సారా ముట్టలేదు చెల్లీ" అంది యిన్‌మేయ్, మామూలు సంగతి చెప్పినట్టు. "కడుపులో పుండు. గంజి తప్ప ఏమీ పడేది కాదు."

సూచున్ తల ఎత్తకుండా కత్తి మళ్ళీ అందుకుంది. ఫాన్ అక్షరాన్ని పోగు పోగుగా విప్పింది. ల్యూ కుట్టింది. చొక్కాలు మడిచి ఇచ్చింది.

ఆవిడ వెళ్ళగానే వ్యాసం తెరిచింది. వాక్యం అక్కడే ఉంది, పదహారేళ్ళుగా చెక్కుచెదరకుండా. "కాపలాదారు ఫాన్ థియెన్‌ఫా విధులు విడిచి పెళ్ళివారితో మద్యం సేవించడానికి వెళ్ళినందున వంతెన మీదికి ఎక్కే జనాన్ని నియంత్రించేవారు లేకపోయారు." పక్కనే మూలం, అప్పటి పేపరు, తేదీ, పేజీ నంబరుతో సహా. సూచున్ కొంచెం కుదుటపడింది. ఏ కూతురికైనా తండ్రి దేవుడే కదా అనుకుంది. అయినా కడుపులో పుండన్న మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మర్నాడు కొట్టు మూసి తైపే బస్సెక్కింది.

పాతపేపర్లు చూసే యంత్రం ముందు ఆమెకు పావుగంట కూడా పట్టలేదు. అదే పేజీ. అదే వార్త. చిన్న అక్షరాల్లో రెండు పేర్లున్నాయి, వరసకి అన్నదమ్ములు. ఒకడు కాపలాదారు ఫాన్ థియెన్‌ఫా. ఇంకొకడు ఊరి ఆఫీసు గుమాస్తా ఫాన్ థియెన్‌హ్వా. తాగి వచ్చింది గుమాస్తా. వంతెన మీదికి ఒకసారికి ఇరవై మందికి మించి ఎక్కకూడదని కాపలాదారు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడితే, "నాది పూచీ, తప్పుకో" అని అతన్ని తోసేసి పెళ్ళివారందర్నీ ఒక్కసారే ఎక్కించింది గుమాస్తా. కాపలాదారు వాళ్ళను వెనక్కి పిలవడానికి వంతెన మీదికి పరిగెత్తాడు. అప్పుడే తీగ తెగింది. అందరితోపాటు అతనూ పడ్డాడు.

సూచున్ మళ్ళీ చదివింది. మళ్ళీ చదివింది. అక్షరాలు మారలేదు.

ఆ రోజు ఎలా జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. రెండువేల ఎనిమిది ఆగస్టు. కొట్లో మూడొందల చొక్కాలు పేరుకుపోయి ఉన్నాయి, సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్ళాలి. నోటుపుస్తకంలో తొందరగా ఎక్కించుకుంటూ రెండు పేర్లకీ చివరి అక్షరం వదిలేసి 'ఫాన్ థియెన్' అని మాత్రమే రాసుకుంది. ఇంటికొచ్చి వ్యాసం రాసేటప్పుడు ఇద్దరూ ఒక్కడైపోయారు. ఉన్న ఒక్కడికీ కాపలాదారు పేరు పెట్టి, గుమాస్తా చేసిన పని అంటగట్టింది.

పక్క కుర్చీలో పేపరు చూస్తున్న పెద్దాయన "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే తల అడ్డంగా ఊపి యంత్రం ఆపేసింది.

తిరిగొచ్చాక మొట్టమొదట ఆ వాక్యం కొట్టేసి, పేపరులో ఉన్నట్టు రాసింది. ఇరవై నిమిషాల్లో అది ఎగిరిపోయింది. పాత వాక్యం తిరిగొచ్చి కూర్చుంది. తిప్పికొట్టింది పాతపట్టాలు అనే వాడుకరి. జాంగ్‌హ్వా ఊళ్ళో ఆసుపత్రిలో పనిచేసే మనిషని మాత్రం ఆమెకు తెలుసు, పదేళ్ళుగా చర్చాపేజీల్లో పరిచయం. రైలుమార్గాల గురించీ వంతెనల గురించీ రాస్తాడు. పద్ధతి మనిషి.

"తెల్లదారం అక్కా, మీ మార్పు చూసి ఆశ్చర్యపోయాను" అని రాశాడు చర్చాపేజీలో. "ఈ వాక్యానికి ఇప్పుడు మూడు మూలాలున్నాయి. ఊరి చరిత్ర పుస్తకం, ఒక విశ్వవిద్యాలయంలో వచ్చిన పరిశోధన వ్యాసం, మూడేళ్ళనాటి పత్రికా కథనం. మూడూ ఒకేమాట చెబుతున్నాయి."

సూచున్‌కి ఆ మూడింటి సంగతీ తెలియదు. వ్యాసం కింద వేరేవాళ్ళు ఎప్పుడో చేర్చారు. ఒక్కొక్కటీ తెరిచి చూసింది. మూడింట్లోనూ తన వాక్యమే ఉంది. ఒకరు "విధులు విడిచి" అన్నదాన్ని "విధులను గాలికొదిలి" అని మార్చారు. ఇంకొకరు "తప్పతాగి" అని చేర్చారు. ఆమె తప్పు ఊరంతా తిరిగి, పెద్దమనుషుల బట్టలు కట్టుకుని, ఆమెకే సాక్ష్యం చెప్పడానికి వచ్చింది.

"అవన్నీ నా వాక్యం చూసి రాసినవే. తప్పు నాది. నేనే ఒప్పుకుంటున్నాను కదా" అని రాసి, మళ్ళీ మార్చింది.

"మీరంటే నాకెంత గౌరవమో మీకు తెలుసు. కానీ రాసినవాళ్ళు వచ్చి తప్పంటే మూలాలు చెల్లకుండా పోవు. అది సొంత పరిశోధన అవుతుందనీ, ఇక్కడ అది చెల్లదనీ నాకు నేర్పింది మీరే" అని రాసి, అతను మళ్ళీ తిప్పికొట్టాడు.

సూచున్‌కి కోపం వచ్చింది. పదహారేళ్ళలో రాని కోపం. ఆ మధ్యాహ్నం ఆమె నాలుగుసార్లు మార్చింది, నాలుగుసార్లూ పోయింది. చివరిసారి "మీకు మనుషులు అక్కర్లేదు, కాగితాలుంటే చాలు" అని కూడా రాసింది. సాయంత్రానికి ఆమె పేజీలో ఎర్రగీతల పెట్టె ఒకటి వెలిసింది. దిద్దుబాటు యుద్ధానికి దిగినందుకూ, తోటి వాడుకరితో దురుసుగా మాట్లాడినందుకూ మూడు రోజుల నిరోధం. కింద ధన్యవాదాలు. కింద టీకప్పు బొమ్మ.

ఆమె ఆ బొమ్మ వంక చూస్తూ ఉండిపోయింది.

నిరోధం పడ్డవాళ్ళు రాయలేరు గానీ చదవొచ్చు. మర్నాడు పొద్దున కొట్లో గిరాకీ లేదు. ఎవరెప్పుడు ఏ మాట మార్చారో చూపించే చరిత్ర పుట తెరిచి, ఆ వ్యాసం పుట్టిన రోజునుంచీ ఒక్కొక్క వరసా చదవడం మొదలుపెట్టింది. వాక్యం ఎవరు ముట్టుకున్నారో, ఏ మూలం ఎప్పుడు చేరిందో తేల్చుకుందామని. రెండువేల పన్నెండు దగ్గర ఆగిపోయింది.

పేరు లేని వాడుకరి ఎవరో ఆ ఏడు మార్చిలో వాక్యం తీసేశారు. కారణం రాయాల్సిన చోట ఇలా ఉంది. "కాపలాదారు మా నాన్న. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. దయచేసి సరిచేయండి."

తిప్పికొట్టినవారు, తెల్లదారం.

మర్నాడు మళ్ళీ. "నేనప్పుడు ఎనిమిదేళ్ళదాన్ని. గట్టు మీదే ఉన్నాను. చూశాను."

తిప్పికొట్టినవారు, తెల్లదారం.

రెండు రోజులాగి మూడోసారి. "మీరెవరో నాకు తెలియదు. మీకూ తండ్రి ఉండే ఉంటాడు, ఆయన్ని ఒక్కసారి తలుచుకుని చూడండి."

తిప్పికొట్టినవారు, తెల్లదారం. ఈసారి చర్చాపేజీలో నాలుగు మాటలు ఎక్కువ రాసింది. "మీ బాధ అర్థం చేసుకోగలం. అయితే విజ్ఞానసర్వస్వం జ్ఞాపకాలకు చోటు కాదు. మీ ఆసక్తికి ధన్యవాదాలు." టీకప్పు. ఆ తర్వాత నిర్వాహకులకు కబురుపెట్టి ఆ అజ్ఞాత వాడుకరికి నెలరోజుల నిరోధం వేయించింది కూడా.

ఇవేవీ ఆమెకు గుర్తులేవు. అదే ఆమెను నిలువునా కూల్చింది. తిట్టి ఉంటే గుర్తుండేది. కసిరి ఉంటే గుర్తుండేది. రోజుకి పదిమందిని మర్యాదగా పంపించేసేది, ఆ పదిమందిలో ఒకరు.

ఎవరో చొక్కాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి రెండుసార్లు పిలిచారు. ఆమెకు వినపడలేదు. వాళ్ళు చూసి చూసి వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున పాతపట్టాలు, జూడుంగ్‌లో పేర్లు కుట్టే కొట్టని ఆమె ఎప్పుడో అన్న మాట పట్టుకుని వెతుక్కుంటూ, నేరుగా కొట్టుకే వచ్చాడు. అప్పటిదాకా ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. నలభై ఏళ్ళ సన్నటి మనిషి, వీపున సంచీ, చేతిలో ముల్లంగి రొట్టెల పొట్లం. గుమ్మం బయట నిలబడి "తెల్లదారం అక్కా?" అన్నాడు.

"నిరోధం పొడిగించడానికొచ్చావా?" అంది సూచున్.

"ఆ పని ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చక్కా, బస్సు చార్జీ దండగ." లోపలికొచ్చి పొట్లం బల్ల మీద పెట్టాడు. "నా పేరు జువో పెయ్‌రుంగ్. నిన్న సెలవు పెట్టి తైపే వెళ్ళాను. మీ పేపరు చూశాను."

సూచున్ కుర్చీ చూపించింది. అతను కూర్చోకుండానే సంచీలోంచి కాగితాలు తీసి వరసగా పేర్చాడు.

"పేపరు ఒక్కటే అయితే సరిపోదు, మూడు మూలాల మాట కొట్టెయ్యలేం. అందుకని మీ వ్యాసం తొలి ప్రతి తీసి అక్షరం అక్షరం చూశాను. వంతెన పొడవు ఎంత రాశారు మీరు?"

"అరవై ఎనిమిది మీటర్లు."

"జిల్లా రికార్డుల్లో ఎనభై ఆరు. పేపర్లోనూ ఎనభై ఆరే. అంకెలు తిరగేశారు మీరు."

"అదీ తప్పేనా?" అంది సూచున్.

"ఆ తప్పే మనల్ని గట్టెక్కించింది. చరిత్ర పుస్తకంలో అరవై ఎనిమిది. పరిశోధన వ్యాసంలో అరవై ఎనిమిది. పత్రికలో అరవై ఎనిమిది. ముగ్గురూ వేరేవేరుగా వెతికి ఉంటే ముగ్గురికీ ఒకే తప్పు ఎలా వస్తుంది? మీ దగ్గర దించేశారు. ఇది చర్చలో పెడితే కాదనేవాడు లేడు." అతను అప్పుడు కూర్చున్నాడు. "నేను తిప్పికొట్టకుండా ముందే వెళ్ళి చూసుండాల్సింది అక్కా. పద్ధతి ప్రకారం నాది తప్పు కాదు. అయినా నిద్ర పట్టలేదు."

సూచున్ లేచి కంప్యూటరు అతనివైపు తిప్పింది. రెండువేల పన్నెండు వరసలు చూపించింది. అతను చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడం అయిపోయినా చాలాసేపు పెట్టుకోలేదు.

"ఈవిడెవరో తెలుసా?" అన్నాడు చివరికి.

"మొన్న నువ్వు నిలబడ్డచోటే కూర్చుంది."

వ్యాసం పదిరోజుల్లో మారింది. పెయ్‌రుంగ్ మాట ప్రకారమే చర్చలో ఎవరూ కాదనలేదు. తప్పుడు మూలాలకు ఒక హెచ్చరిక కూడా తగిలించారు. అందరూ తెల్లదారాన్ని మెచ్చుకున్నారు, ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదన్నారు. ఒకరు ఆమె పేజీలో పతకం బొమ్మ పెట్టారు. ఆమె ఆ పతకాన్ని తీసేసింది. కొత్తవాళ్ళ మార్పులు తిప్పికొట్టే పని మానేసింది. మానేస్తున్నానని ఎవరికీ చెప్పలేదు.

యిన్‌మేయ్ దగ్గరికి వెళ్ళడానికి మాత్రం నెల పట్టింది. మూడుసార్లు బస్టాపుదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. నాలుగోసారి ఎక్కింది. పావుగంట ప్రయాణం.

యిన్‌మేయ్ ఇంటి ముందు వెదురుతట్టల నిండా చెక్కుతీసిన పెర్సిమన్ పళ్ళు ఎండుతున్నాయి. ఆవిడ అరుగు మీద కూర్చుని ఇంకో బుట్ట ముందేసుకుని చెక్కు తీస్తోంది. "పేర్లు కుట్టే చెల్లెలివి కదూ? ఏంటి ఇలా వచ్చావు? కూర్చో" అంది, పక్కన చోటు చూపిస్తూ.

సూచున్ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. నోటుపుస్తకం దగ్గర్నుంచి బోర్డుదాకా, ఏదీ దాచకుండా. ఆఖర్న పన్నెండేళ్ళ కిందటి ఆ మూడు విన్నపాల సంగతి. చెబుతున్నంతసేపూ యిన్‌మేయ్ చేతులు ఆగలేదు, తొక్క పొడుగ్గా దిగుతూనే ఉంది. విన్నపాల మాట రాగానే ఆగాయి.

"ఆ టీకప్పు నువ్వేనా" అంది.

సూచున్ తల ఊపింది.

యిన్‌మేయ్ చేతిలో పండు రసం మణికట్టు మీదికి కారుతోంది, తుడుచుకోలేదు.

"అది మా తమ్ముడి వరస వాడి కంప్యూటరు. నాకు టైపు చెయ్యడం రాదు. వాణ్ణి బతిమాలి, పక్కన కూర్చుని, ఒక్కొక్క మాటా చెప్పి రాయించాను. నువ్వు జవాబిచ్చావని వాడు చదివి వినిపించాడు. టీ కూడా పంపారక్కా అని నవ్వాడు." ఆవిడ సూచున్ వైపు చూసింది. "ఎవరో పెద్ద చదువులు చదివిన మనిషి, తైపేలో అద్దాల గదిలో కూర్చుని రాశాడనుకున్నాను. పన్నెండేళ్ళు అలాగే అనుకున్నాను. నువ్వు పావుగంట దూరంలో కుట్టుమిషను ముందు కూర్చుని రాశావా."

"తిట్టక్కా."

"తిట్టడానికి నోరు రావాలి కదా."

సూచున్ అరుగు అంచు పట్టుకుంది.

"నిన్ను తిడితే ఏమొస్తుంది? మా అమ్మ పోయిన ఏడే పోయింది" అంది యిన్‌మేయ్. "ఆవిడ బోర్డు చూడలేదు. అదొక్కటే మేలు. ఇవాళ్టికి వెళ్ళు. నాకేమీ తోచడం లేదు. బస్సు కూడా పోతుంది."

సూచున్ వెళ్ళిపోయింది. ఆవిడ వెనక్కి పిలవలేదు.

మళ్ళీ ఆవిడ గొంతు వినపడింది మూడు వారాల తర్వాత, ఫోనులో. పలకరింపు లేదు. "ఊరి ఆఫీసుకి బోర్డు సంగతి మాట్లాడ్డానికి వెళ్తున్నాను, మంగళవారం. నువ్వు రా. కాగితాలు పట్టుకురా. వాళ్ళకి కాగితాలే కావాలి, నా మొహం చాలదు."

ఆఫీసులో వాళ్ళ పని చూసింది ముప్ఫై ఏళ్ళ ఉద్యోగిని. చాలా మంచిగా మాట్లాడింది. పెయ్‌రుంగ్ పేర్చిన కాగితాలన్నీ తిరగేసి, "అయ్యో, ఎంత పొరపాటు జరిగింది, మార్పించేద్దాం ఆంటీ" అంది. బోర్డు మీద మరో పలక బిగించడం పెద్ద పనేమీ కాదట, వచ్చే నెలలోపు అయిపోతుందట. యిన్‌మేయ్ మొహంలో మొదటిసారి కొంచెం వెలుతురు కనిపించింది.

"మీ మనవరాలి ఇంటిపేరు కూడా మళ్ళీ మారుస్తారా?" అని అడిగింది ఉద్యోగిని.

"దాన్నడిగాను. ఇప్పుడు అలవాటైంది, ఉండనీ నానమ్మా అంది. పెద్దయ్యాక దానిష్టం." యిన్‌మేయ్ ఆ మాట తేలిగ్గానే అంది. సూచున్ మాత్రం కిటికీ వైపు తిరిగింది.

"సరే, కొత్త మాటలు ఎక్కించాలి కదా" అంటూ ఉద్యోగిని కంప్యూటరు ముందుకి లాక్కుంది. "విజ్ఞానసర్వస్వంలో సరిచేశారంటున్నారుగా. అందులోంచి దించేస్తాను. పోయినసారి కూడా అలాగే చేశాం, తొందరగా అయిపోతుంది."

కాగితాల కట్ట సూచున్ ఒళ్ళోంచి జారి నేల మీద పరుచుకుంది. ఇంత జరిగాక, ఇన్ని కాగితాలు ముందుపెట్టాక, ఆ పిల్ల వేళ్ళు మళ్ళీ అదే పేజీ వెతుకుతున్నాయి.

"దించకమ్మా" అంది యిన్‌మేయ్.

"తప్పుండదు ఆంటీ. ఇప్పుడు బాగానే ఉందట కదా."

"బాగానే ఉందేమో. నేనిక్కడే కూర్చున్నాను కదా తల్లీ. నన్నడుగు."

ఉద్యోగిని సూచున్ వైపు చూసింది, ఇలా చెయ్యొచ్చా అన్నట్టు. సూచున్ తల ఊపింది. ఆ అమ్మాయి కంప్యూటరు పక్కకి నెట్టి, తెల్లకాగితం తీసుకుంది.

"తాగి వచ్చిన గుమాస్తా పేరు ఏం రాయమంటారు?"

"పేరొద్దు. ఆఫీసు మనిషొకడు అని రాయి. వాడి మునిమనవడు మా యూచెన్ క్లాసులోనే ఉన్నాడు."

సూచున్ ఆవిడ వైపు చూసింది. ఆ గుమాస్తా పేరు రాయించడానికే తనూ పెయ్‌రుంగూ తైపే తిరిగి కాగితాలు పోగుచేసింది. వ్యాసంలో గుమాస్తా పేరు ఇప్పుడు నల్లటి అక్షరాల్లో ఉంది, మూలంతో సహా. ఆ అబ్బాయిని కూడా ఎవరో ఏదో ఒకరోజు బస్సెక్కించి తీసుకెళతారని ఆమెకు తట్టనే లేదు.

యిన్‌మేయ్ చెబుతూ పోయింది. నాన్న ఆ రోజు కొత్త గడ్డిచెప్పులు వేసుకున్నాడు. రెండు చేతులూ ఇలా చాపాడు. పెళ్ళికూతురి పల్లకీ మోసేవాళ్ళు నవ్వారు. గుమాస్తా తోస్తే మోకాలి మీద పడి, లేచి, మట్టి దులుపుకోకుండానే వంతెన మీదికి పరిగెత్తాడు. సగందాకా వెళ్ళి ఇద్దరు ఆడవాళ్ళని వెనక్కి నెట్టాడు. ఆ ఇద్దరూ బతికారు. ఇవేవీ ఏ పేపర్లోనూ లేవు. వ్యాసంలో ఒక్క మాటా చేర్చడానికి లేదని సూచున్‌కి తెలుసు. ఆమె నేల మీది కాగితాలు ఏరుకుంటూ, చప్పుడు కాకుండా వింది.

ఉద్యోగిని రాసింది చదివి వినిపించింది. "వారిని వెనక్కి పిలవబోయి, వంతెనతోపాటు నదిలో పడి చనిపోయాడు."

"అలా కాదు" అంది యిన్‌మేయ్. "మూడో రోజు చనిపోయాడు. అది రాయి. ఆ మూడు రోజులూ మేం పక్కనే ఉన్నాం."

ఉద్యోగిని కొట్టేసి, మళ్ళీ రాసింది.